ముప్పై ఎనిమిది కన్నాలు

నునుపు మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన సున్నపు గచ్చు చేసిన గోడ మీద చీమకైనా కాలు నిలవదని తాపీ పనివాళ్ళు చెప్పుకునేవారు. చెప్పుకోవడంలో కాస్త ఎక్కువే ఉండొచ్చు గానీ, ఆ గోడకు చెంప ఆనించి చూసినవాళ్ళెవరూ ఆ మాట కాదనలేదు.

అంత పనిమంతుడికీ ఒక దిగులుండేది. నలభై ఏళ్ళుగా ఆయన చేసిన పనంతా ఇళ్ళ గోడల మీదే చేశాడు, ఇళ్ళ గోడలకేమో యజమానులుంటారు. మేస్త్రి మెట్లు దిగిన వారానికే ఇంటాయన ఆకుపచ్చో గులాబీయో పులిమించేవాడు. ఇంటావిడ మేకు కొట్టి అద్దం తగిలించేది. పిల్లలు బొగ్గుతో ఏనుగుల్ని గీసేవాళ్ళు. "నేను పోయేలోగా నా గోడ ఒక్కటైనా నా గోడలాగే మిగలాలే" అని భార్య దగ్గర వాపోతే, "మిగిలితే ఏం చేస్తారు, దాని పక్కనే చాప వేసుకుంటారా" అని ఆవిడ కూర తరుగుతూనే అనేది.

ఆవిడకు కూడా చెప్పని సంగతి ఇంకొకటుంది. పోయిన వానాకాలం నుంచి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. పొద్దున కాస్త మాట వినేది, మధ్యాహ్నం దాటితే తాపీ పట్టుకున్న చెయ్యి తనది కానట్టుండేది. ఎడంచేత్తో మణికట్టు నొక్కిపట్టి, మెరుగు పెట్టే పనంతా పొద్దున్నే ముగించేసి, మిగతా రోజంతా పక్కవాళ్ళ మీద కేకలేస్తూ గడిపేవాడు. ముసలాడికి చాదస్తం ఎక్కువైందని పనివాళ్ళు అనుకున్నారు. అలా అనుకుంటేనే ఆయనకు నయం.

సరిగ్గా అలాంటి రోజుల్లో గుట్ట మీది శిథిలాల్లో పెద్ద గదికి గచ్చు చేయాలని కబురొచ్చింది.

ఆ గుట్ట మీద ఒకప్పుడేముండేదో ఎవరికీ సరిగ్గా తెలియదు. కోట అనేవాళ్ళున్నారు, చదువులు చెప్పిన చోటు అనేవాళ్ళున్నారు. ఇప్పుడు మాత్రం మోకాలెత్తు గోడలు, ఎటూ తీసుకెళ్ళని మెట్లు, గడ్డిలో దొర్లే రాతి దిమ్మెలు. పైకప్పుతో నిలిచింది ఒక్క గది. అరవై అడుగుల పొడవు, మీద కమాను కప్పు. దానికి తాళం వేసి ఉండేది. తాళంచెవి మేస్త్రి సొంత అక్క దగ్గర ఉండేది, ఎందుకంటే ముప్పై ఏళ్ళుగా అక్కడ ఊడ్చే ఉద్యోగం ఆవిడదే. మొగుడు చనిపోయిన ఏడాదే ఆ పనిలో చేరింది. "ఒక్కసారి వచ్చి ఆ గది చూడరా" అని తమ్ముణ్ణి ఎన్నిసార్లు పిలిచిందో లెక్క లేదు. "పడిపోయిన గోడల్ని చూడ్డానికి నేనెందుకక్కా, నిలబెట్టమంటే వస్తాను" అని ఆయన తప్పించుకునేవాడు. ఇప్పుడు నిలబెట్టమనే పిలిచారు.

పిలిచింది సందర్శకుల శాఖ ఆఫీసరుగారు. మంచి మనిషే, కాకపోతే తొందర మనిషి. "జనం బస్సులు దిగి, ఎండలో రాళ్ళు చూసి, పది నిమిషాల్లో మళ్ళీ బస్సెక్కేస్తున్నారు" అనేవాడు. "వాళ్ళకి ఒక్క గదైనా నిండుగా చూపిద్దాం. అప్పటివాళ్ళు ఎలాంటి గదిలో మసిలారో కళ్ళారా చూసుకుంటారు."

అందుకు అడ్డుపడింది కొలతలమ్మ. పాత కట్టడాల శాఖ నుంచి వచ్చిన ఆవిడను అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు. మెళ్ళో టేపు, చెవి మీద పెన్సిలు, రాయి కనిపిస్తే చాలు కొలిచేది. "మీరు చూపించబోయేది వాళ్ళ గది కాదు సార్, మన గది" అంది మేస్త్రి ముందే. "మిగిలిందాన్ని మిగిలినట్టు ఉంచుదాం. కూలిపోకుండా చూసుకుంటే చాలు." పైవాళ్ళు ఆఫీసరు మాటే విన్నారు. ఒక మూల మంచం అంత మేర పాత గచ్చును తాకకుండా వదలాలన్న షరతు మాత్రం ఆవిడ గెలుచుకుంది. మేస్త్రికి ఆవిడ మీద లోపల కొంచెం కోపం వచ్చిన మాట నిజం. తన గచ్చును ఎవరైనా వద్దనడం ఆయన వినడం అదే మొదలు.

పని మొదలైన రోజున గోడల నిండా కన్నాలు కనబడ్డాయి. పిడికిలి పట్టేంతవి కొన్ని, అంతకంటే కాస్త పెద్దవి కొన్ని, దుమ్మూ పిచ్చుకల గడ్డీ నిండి ఉన్నాయి. కొలతలమ్మ ఒక్కోదాన్నీ కొలిచి, నంబరు వేసి, పుస్తకం మూయబోతూ అడిగింది. "ఇవేమిటంటారు మేస్త్రిగారూ?"

మేస్త్రి నవ్వాడు. "పరంజా కన్నాలమ్మా. పైన పని చేయాలంటే కర్రలతో పరంజా కడతాం కదా, ఆ కర్రల కొసలు గోడలో దిగేసేవాళ్ళు. పనయ్యాక కర్ర లాగేసి, ఎవడు లాగాడో వాడే ఆ కన్నం పూడ్చాలి. అది మాలో కట్టుబాటు. పూడ్చకుండా దిగిపోయినవాణ్ణి మళ్ళీ పనికి పిలవరు."

"మరి వీళ్ళెందుకు పూడ్చలేదు?"

అక్కడ మేస్త్రి నవ్వు ఆగిపోయింది. ముప్పై ఎనిమిది కన్నాలు. ఒకడు మరిచిపోతే ఒకటి మిగులుతుంది, ముప్పై ఎనిమిది మిగిలాయంటే మనుషులు పనిలో ఉండగానే ఏదో జరిగి ఉంటుంది. యుద్ధమో, రోగమో, ఆఖరి మనిషి కూడా తిరిగిరాలేని ఆపద ఏదో వచ్చిపడి ఉంటుంది. ఆ కన్నాలు ఒక వరసలో లేవని, పైకీ కిందికీ పోయాయని ఆయన చూడకపోలేదు. తొందరలో కట్టినవాళ్ళనుకున్నాడు. కర్ర దూర్చడానికి మరీ సన్నగా ఉన్నాయని కూడా చూశాడు. సన్న కర్రలు వాడారనుకున్నాడు. పని తెలిసినవాడికి ఇదే చిక్కు, ఏ ప్రశ్నకైనా జవాబు దగ్గరే దొరుకుతుంది. కొలతలమ్మ పుస్తకంలో "పరంజా కన్నాలు" అని రాసుకుంది.

గోడల మీది తొలి పూతలన్నీ పనివాళ్ళకు వదిలేసి, కన్నాలు మాత్రం మేస్త్రి తానే పూడ్చాడు. ఆయన దృష్టిలో అది ఇంకొక మేస్త్రి పని. ఎప్పుడో చచ్చిపోయినవాడు మధ్యలో వదిలేసి వెళ్ళిన పని, వాడి తరఫున తను దిగే ముందు చేసిపెట్టాలి. ఇటుక ముక్కను ఒడుపుగా చెక్కి, సున్నంలో ముంచి, మూతికి బిగించి, పైన మూడు పూతలు. ఒకచోట ముక్క చేయి జారి లోపలికి పోయింది. "టంగ్" మని ఒక చప్పుడొచ్చింది, గోడలోంచి రావలసిన చప్పుడు కాదది. మేస్త్రి చెయ్యి ఒక క్షణం ఆగింది. ఆ తర్వాత ఇంకో ముక్క చెక్కాడు.

ఆఖరిది పూడ్చి పరంజా దింపించాక గదిని చూసుకుంటే, చెప్పకూడదు గానీ, ఆయనకే ఒళ్ళు పులకరించింది. కిటికీలోంచి పడ్డ వెలుగు గోడ మీద నీళ్ళలా పాకుతోంది. ఒక మచ్చ లేదు, ఒక గీత లేదు. బావమరిది అన్న మాట ఇది: "బావా, ఇందులో దువ్వుకోవడానికి అద్దం అక్కర్లేదు." ఆయన ఇన్నేళ్ళూ బావను ఆటపట్టిస్తూనే బావ వెనక రెండో మేస్త్రిగా పనిచేసినవాడు. ఆ రోజు మాత్రం ఆటపట్టించడానికి కూడా ఆయనకు వంక దొరకలేదు.

అక్క మాత్రం గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసింది. "బాగుంది" అంది. ఆ మర్నాటి నుంచి ఆ గది గబగబా ఊడ్చేసి బయటికొచ్చేసేది. ఇదివరకు ఎండ తగ్గేదాకా అందులోనే కూర్చునే మనిషి, ఇప్పుడు మొండిగోడ నీడలో కూర్చుని క్యారేజీ విప్పుకునేది. ఏమక్కా అంటే, "లోపల సున్నం వాసన" అంది. మేస్త్రి అంతకంటే అడగలేదు.

ప్రారంభోత్సవం ఇంక అయిదు రోజులుందనగా కొలతలమ్మ ఆఖరి లెక్కలు సరిచూసుకోవడానికి వచ్చింది. గదికి ఒక చివర ఆవిడ, రెండో చివర పుస్తకంతో ఆవిడ సహాయకురాలు. కొలతలమ్మ చదువుతోంది, సహాయకురాలు రాసుకోవాలి. రెండు అంకెలయ్యేసరికి ఆ అమ్మాయి, "వినబడ్డం లేదు మేడం" అంది. కొలతలమ్మ గొంతు పెంచింది. ఇంకా పెంచింది. చివరికి అరిచింది. అరిచి, టేపు చుట్టేసి, గది మధ్యకు వచ్చి నిలబడింది.

"మేస్త్రిగారూ, మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడ అరవలేదు మేము. మామూలుగా చదువుతూ పోయాను, ఆ చివర తను రాసుకుంటూ పోయింది. అప్పుడది తోచలేదు నాకు. మీ గచ్చు వేశాకే ఇలా అయింది."

మేస్త్రికి తలకొట్టేసినట్టయింది. "గచ్చు మీద నింద వేయకండమ్మా. నున్నటి గోడ మాటను మింగదు, తిప్పికొడుతుంది. కొత్త గచ్చు గదిలో చంటిపిల్ల ఏడిస్తే వీధి చివరికి వినబడుతుంది, నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. గచ్చు వల్ల గది ఇంకా మోగాలి గానీ..."

అని, అక్కడే ఆగిపోయాడు. గచ్చు వల్ల కాకపోతే మరి దేనివల్ల? గదిలో మారింది రెండే. ఒకటి గచ్చు. రెండోది ఆయనకు తెలుసు. గోడలోంచి వచ్చిన ఆ "టంగ్" చెవిలో మళ్ళీ మోగింది. "రేపు పొద్దున చెబుతానమ్మా" అని ఆవిడ ముఖం చూడకుండా గుట్ట దిగిపోయాడు.

మర్నాడు పనివాళ్ళకంటే ముందే వచ్చాడు. పొద్దున పూట కాబట్టి చెయ్యి కాస్త కుదురుగా ఉంది. ముక్క జారిపోయిన కన్నం ఏదో ఆయనకు బాగా గుర్తు. తన గచ్చు మీద తనే ఉలి పెట్టాడు. మొదటి దెబ్బకు నునుపంతా బీటలిచ్చింది. ఆ బీట గుండెలోనే పడ్డట్టనిపించింది గానీ రెండో దెబ్బ కూడా వేశాడు. ఇటుక బిరడా ఊడివచ్చింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, వేళ్ళన్నీ దగ్గరికి చేర్చి, కన్నంలోకి చెయ్యి పోనిచ్చాడు.

పరంజా కన్నం తిన్నగా వెళ్ళి, మొద్దుగా ఆగుతుంది. ఇది అలా లేదు. మెడ దాటగానే చెయ్యి ఖాళీలో పడింది. వేళ్ళు చాచితే చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. దాన్ని పట్టుకుని పైకి పోతే పైన కూడా గుండ్రమే. కుండ. పక్కకు పడుకోబెట్టి, మూతి గదివైపు ఉండేలా గోడలో పెట్టి కట్టేసిన మట్టికుండ. లోపలి వైపు కుమ్మరి వేళ్ళు తిరిగిన చారలు, తిరుగుతూ తిరుగుతూ అడుగు దాకా పోయాయి. మేస్త్రి వేళ్ళు ఆ చారల్లోనే పోయాయి. అడుగున తను జార్చిన ఇటుక ముక్క, దాని కింద మెత్తగా ఏదో ఉంది. పిడికిట్లో పట్టి బయటికి తీశాడు. బూడిద.

అక్కడే, పరంజా పలక మీద కూలబడ్డాడు. ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. కళ్ళు మాత్రం గోడల మీద తిరుగుతున్నాయి. ముప్పై ఎనిమిది. వరసలో లేవు, ఎందుకంటే ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టారు. ఒక్క తీరుగా లేవు, ఎందుకంటే ఒక్కో కుండకు ఒక్కో గొంతు ఉంటుంది. యుద్ధం లేదు, రోగం లేదు, పారిపోయినవాడు లేడు. ఎవడో నింపాదిగా, ఈ గదిలో మనిషి నోటి మాట రెండో చివరికి పోవాలని కూర్చుని ఆలోచించాడు. తనకంటే ఎన్నో రెట్లు పెద్ద మేస్త్రి. అలాంటివాడు పని మధ్యలో వదిలేశాడని జాలిపడి, వాడి తరఫున పని పూర్తి చేశాననుకున్నాడు తను. పూర్తిచేయలేదు, వాడి నోరు మూశాడు. సిగ్గుతో ముఖం మండిపోయింది. ఆ సిగ్గులోనే, చెప్తే నమ్మరు గానీ, చిన్నప్పుడు మొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు కలిగినంత ఆశ్చర్యం కూడా కలిగింది.

కొలతలమ్మ వచ్చాక ఆయన దాచలేదు. "తప్పు నాదమ్మా. మీరు అడిగారు, నేను తెలిసినట్టు చెప్పాను" అన్నాడు. ఆవిడ చెయ్యి లోపలికి పెట్టింది. తీసింది. గోడకు నుదురానించి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత పుస్తకం తెరిచి "పరంజా కన్నాలు" అన్న మాటను గీత పెట్టి కొట్టేసింది. "నేను ఒక్కసారైనా చెయ్యి పెట్టి చూడలేదు మేస్త్రిగారూ. బయట నుంచి వేలెడు వేలెడు కొలుచుకున్నాను" అంది. అదొక్కటే అంది.

ఆఫీసరుగారు వచ్చేసరికి ఇంకో మూడు తెరిచారు. ఆయన గుమ్మంలోంచే కేకేశాడు. "నాలుగు రోజుల్లో ప్రారంభం పెట్టుకుని గోడ పగలగొడతారా? కార్డులు వెళ్ళిపోయాయి. కన్నాల గోడ చూపిస్తే జనం నవ్వరా?"

"సార్, ఆ చివరికి వెళ్ళి నిలబడండి" అంది కొలతలమ్మ.

"ఎందుకు?"

"నిలబడండి సార్."

ఆయన విసుక్కుంటూనే వెళ్ళాడు. ఆవిడ ఈ చివర నుంచి, పక్కన కూర్చున్నవాళ్ళతో అన్నట్టుగా, "మీ చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకున్నారు" అంది. నాలుగే కుండలు కదా, మాట పూర్తిగా పోలేదు. సగం సగం, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు పోయింది. ఆఫీసరు చెయ్యి గుండీ మీదికి పోయింది. ఆయన గుండీ చూసుకోలేదు. తల ఎత్తి కప్పు చూశాడు, గోడలు చూశాడు. ఆయన తొందరంతా ఎటు పోయిందో గానీ, చాలాసేపు కదల్లేదు.

"మిగతావి తెరవడానికి ఎన్నాళ్ళు?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

ఎన్నాళ్ళన్నది కాదు అసలు చిక్కు. కుండల మూతులు సన్నవి, పెళుసువి. బిరడా ఊడాలి, మూతి పగలకూడదు. అంటే ఉలి వెంట్రుకవాసి పక్కకు పోకూడదు. అయిదోదాని మీద మేస్త్రి ఉలి పెట్టేసరికి పొద్దెక్కింది. ఎడంచేత్తో మణికట్టు పట్టుకుంటే సుత్తి ఎవరు పట్టుకోవాలి? ఊపిరి బిగపట్టి కొట్టాడు. చిన్నగా పెళుక్కుమంది. మూతిలో అరచేయంత పెంకు విరిగి ఆయన ఒళ్ళో పడింది.

ఎన్ని వందల ఏళ్ళో తెలియదు. వానలకు తట్టుకుంది, గోడలు కూలుతుంటే తట్టుకుంది. నునుపు మేస్త్రి చేతికి తట్టుకోలేకపోయింది. కొలతలమ్మ పెంకు తీసుకుని, కాగితంలో చుట్టి, నంబరు వేసింది. పనివాళ్ళు నేల చూపులు చూస్తున్నారు.

మేస్త్రి ఉలి వంక చూశాడు, చెయ్యి వంక చూశాడు. ఇంకోటి కొడితే ఇంకోటి పోతుంది. కొట్టనంటే ఎందుకని అడుగుతారు. నలభై ఏళ్ళుగా ఆయన ఉలి ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. ఇప్పుడు బావమరిది వైపు తిరిగి, ఉలీ సుత్తీ రెండూ ముందుకు చాచాడు. చాచిన చెయ్యి అందరి ముందూ ఆకులా వణుకుతోంది. "నువ్వు కొట్టు" అన్నాడు.

బావమరిది ఇలాంటి సందు కోసం ఇరవై ఏళ్ళుగా కాచుకున్నవాడే. ఏదో ఒకటి అంటాడని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం తలపాగా తీసి పక్కన పెట్టి, రెండు చేతులతో ఉలి అందుకున్నాడు. "ఎక్కడ కొట్టాలో చెప్పు బావా" అన్నాడు.

మూడు రోజులు అలాగే సాగింది. మేస్త్రి పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, సుత్తి చప్పుడు వింటూ, "ఆపు. కాస్త ఎడమకి. ఇప్పుడు మెల్లిగా" అంటూ పోయాడు. ఒక్కటీ పగల్లేదు. ప్రతి కుండలోనూ బూడిద ఉంది. కొలతలమ్మ తూచి చూసింది. పెద్ద కుండల్లో రెండు పిడికిళ్ళు, చిన్నవాటిలో చిటికెడు, ఏ రెండింట్లోనూ ఒక్క తూకం లేదు. ఎవరో కొంచెం పోసి, విని, తీసి, మళ్ళీ పోసి, కుండ గొంతు కుదిరేదాకా మళ్ళీ విని ఉంటారు, ముప్పై ఎనిమిదిసార్లు. ఆ లెక్క రాసుకుని కొలతలమ్మ పుస్తకం మూసింది. బూడిదను దేని బూడిద దానిలోనే తిరిగి పోసింది. కన్నాల అంచులు అతకమని ఆఫీసరు అడగలేదు, ఉలి దెబ్బల గచ్చును ఉన్నది ఉన్నట్టే వదిలేద్దామన్నాడు. అది తన గచ్చేనని తలుచుకుంటే మేస్త్రికి నవ్వొచ్చింది కూడా.

మూడో రోజు మధ్యాహ్నం ఆఖరి బిరడా ఊడింది. పనివాళ్ళూ బావమరిదీ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి దిగారు. కొలతలమ్మ ఆఫీసరుకు ఫోను చేయడానికి బయటికి వెళ్ళింది. గదికి ఆ చివర, దింపి పేర్చిన పరంజా పలకల వెనక, మేస్త్రి ఒక్కడే కింద కూర్చుని తడిగుడ్డతో ఆఖరి కుండ మూతి తుడుస్తున్నాడు.

గుమ్మం వైపు చీపురు చప్పుడైంది. అక్క వచ్చినట్టుంది. పలకలు అడ్డం కాబట్టి ఆయన ఆవిడకు కనబడడు. పలకరిద్దామని నోరు తెరిచేలోగా, "ఏం, లేచావా?" అని ఆయన చెవి పక్కనే ఎవరో అన్నారు.

మేస్త్రి ఉలిక్కిపడి పక్కకు చూశాడు. పక్కన ఎవరూ లేరు. అక్క అరవై అడుగుల అవతల ఉంది. గొంతు ఎత్తలేదు కూడా, తనలో తను అనుకున్నట్టు అంది. ఆ మాట గోడల వెంట, కప్పు వెంట, ఏ కుండలోంచి ఏ కుండలోకి దూరిందో గానీ, అక్షరం అరగకుండా వచ్చి ఆయన భుజం దగ్గర కూర్చుంది. ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఒళ్ళంతా రోమాలు లేచాయి. చేతిలో గుడ్డ జారిపోయింది.

"పద్నాలుగు రోజులు" అంటోంది అక్క గదితో. "నీ ఉలుకూ పలుకూ లేక నాకేం తోచలేదనుకో. వెనకటికంటే ఇప్పుడు గొంతు పెరిగింది నీకు. మా వాడి గచ్చు వల్లేలే."

చీపురు రెండుసార్లు కదిలింది, ఆగింది.

"వాడి మీద కోపం పెట్టుకోకు. వాడికి తెలీదు. పోయిన వానల్నుంచీ చెయ్యి వణుకుతోంది వాడికి. ఎవరూ చూళ్ళేదనుకుంటున్నాడు. నీళ్ళ గ్లాసిస్తే రెండు చేతుల్తో అందుకుంటాడు, ఏమంటే చలేస్తోందంటాడు, ఇంత ఎండలో. నువ్వు మూగబోయిన రోజే చెప్దామని వచ్చాను. వచ్చేసరికి గోడకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడున్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మకి అలాగే ఆనుకునేవాడు. ఎలా చెప్పను? ఇంకో గోడ చేయలేడు వాడు. నీకేం, ముందు బోలెడు కాలముంది, ఎప్పటికైనా ఎవరో ఒకరు తెరుస్తారు. ఇంక నాకంటావా, వినకపోతే వినకపోయానులే అనుకున్నాను."

మేస్త్రి కదల్లేదు. ఈ గదిలో ఎన్ని వందల ఏళ్ళుగా ఎవరెవరు ఎవరికి ఏమేం చెప్పుకున్నారో, ఆ పెద్ద మేస్త్రి ఎవరి మాట ఎవరికి చేరాలని ఈ కుండలన్నీ పేర్చాడో ఆయనకు తెలియదు. తనకు మాత్రం ఇది చేరింది. చప్పుడు కాకుండా లేచి, వెనక కిటికీలోంచి దిగిపోవచ్చు. అక్కకు ఎప్పటికీ తెలియదు. ఆ మాట తోచింది కూడా ఆయనకు.

"అక్కా" అన్నాడు, మెల్లిగా.

చీపురు ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ గది ఆవిడకు ఆవిడ గొంతే తిరిగి ఇచ్చింది, ఇంకొకరి గొంతు ఇవ్వడం ఇదే మొదలు.

"ఎక్కడున్నావురా?"

"ఈ చివర. పలకల వెనక."

"అంతా విన్నావా?"

"విన్నాను."

ఆవిడ ఊపిరి ఒక్కటే ఆయన చెవి దగ్గర మెసలుతోంది. తర్వాత, పక్కన కూర్చుని నుదురు మీద చెయ్యి వేసి అడిగినట్టు, "చెయ్యెలా ఉంది?" అంది.

ఇన్ని నెలల్లో ఎవరికీ చెప్పని మాట అది. చెప్పడానికి గొంతు ఎత్తాల్సిన పని లేదు, ముఖం చూడాల్సిన పని కూడా లేదు.

"వణుకుతోందక్కా" అన్నాడు.

ఆ మాట అన్ని గోడలూ తిరిగి, ఆ చివర చీపురు పట్టుకుని నిలబడిన మనిషికి చేరింది. ఆవిడ చీపురు గోడకు ఆనించి, "ఉండు, వస్తున్నా" అంది. తర్వాత ఆవిడ అడుగుల చప్పుడు ఆయన చెవి పక్కనే మొదలైంది, అరవై అడుగులూ నడిచి ఆయన దగ్గరికి వచ్చేదాకా వినబడుతూనే ఉంది.